పొట్టులో పడ్డ స్క్రూలు ఏరడానికి

ఇంట్లో ఓ మూల పెట్టుకున్న వడ్రంగి బల్ల దగ్గర నన్ను ఎక్కువగా విసిగించేది రంపపు పొట్టు కాదు, అందులో పడి మాయమయ్యే స్క్రూలు. ఊడిస్తే పొట్టుతో పాటు చెత్తలోకి పోతాయి, ఊడ్చకపోతే అరికాలికి దొరుకుతాయి.

పాడైన స్పీకరు వెనక ఉండే గుండ్రటి అయస్కాంతాన్ని ఊడదీసి మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేయండి. సంచి మూతి పిడికిట్లో పట్టుకుని, పొట్టు మీద దాదాపు అర అంగుళం ఎత్తులో నెమ్మదిగా తిప్పండి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. కుప్ప మందంగా ఉంటే ముందు అట్టముక్కతో పలచగా పరవాలి, లేకపోతే అడుగునున్నవి అందవు. టిక్కు టిక్కుమంటూ స్క్రూలు, విరిగిన మేకుల ముక్కలు సంచికి అంటుకుంటాయి. డబ్బా మీద పట్టుకుని అయస్కాంతాన్ని సంచిలోంచి పైకి లాగేస్తే అన్నీ డబ్బాలోకి రాలిపోతాయి. ఆ తర్వాతే చీపురు.

సంచి లేకుండా మాత్రం వాడకండి. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన ఇనుప రజను అయస్కాంతానికి గడ్డంలా పట్టుకుంటుంది. మొదటిసారి దాన్ని వదిలించడానికి పాత టూత్‌బ్రష్ ఒకటి బలైంది.

ఇత్తడి, అల్యూమినియం స్క్రూలు దీనికి అంటుకోవు. స్టెయిన్‌లెస్ స్టీలువీ చాలావరకు అంతే. బందులకు ఇత్తడివి బిగించిన రోజు పొట్టును జల్లెడ పట్టాల్సిందే.