కెమెరా కళ్లకు గంతలు – 3వ పాఠం: ముక్కుదూలం

పోయిన పాఠంలో మీ ముఖం ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడమన్నాను. ఆ ఫొటో దగ్గర పెట్టుకోండి, కెమెరాకు మన ముఖం దొరక్కుండా ఇవాళ రంగు పూస్తాం.

ఫొటోలో ముఖం ఎక్కడుందో కంప్యూటర్ వెతికేందుకు 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ ప్రకటించిన పద్ధతికి ముఖమంటే వెలుగునీడల లెక్కే. కళ్ల వరుస బుగ్గల కన్నా నల్లగా ఉందా? రెండు కళ్ల నడుమ ముక్కుదూలం తెల్లగా తేలిందా? ఇలా వరసగా అడుగుతూ పోతుంది. ఏదో ఒక మెట్టు దగ్గర తేడా వస్తే, అక్కడ ముఖం లేదని వదిలేస్తుంది. 2010లో ఆడమ్ హార్వే అనే కళాకారుడు 'సీవీ డాజిల్' పేరుతో ఈ లెక్కనే చెడగొట్టాడు. ముక్కుదూలం మీదికి జుట్టు దించాడు, రెండు చెంపలూ ఒకేలా లేకుండా రంగు పూయించాడు.

వేషాలు మన తిరుపతికి కొత్తా? గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామంకొమ్ము పూస్తారు. చూడముచ్చటే గానీ మన పనికి ఎదురు, తెలుపులో కళ్లు ఇంకా నల్లగా కనిపిస్తాయి. తోటి వేషం బొగ్గుపూత నయం, కళ్లూ బుగ్గలూ ఒకే ఛాయకు వస్తాయి. అయితే మే నెల ఉక్కకు ముక్కుదూలం చెమటతో మెరిసిందా, గుట్టు బయటపడ్డట్టే.

అందుకే రెండూ కలుపుదాం. రెప్పల మీద, కళ్ల కింద నామంకొమ్ము. ఎడమ కనుబొమ మొదలు నుంచి ముక్కుదూలం దాటించి కుడిచెంప దాకా బొటనవేలి వెడల్పున బొగ్గుపట్టీ, ఏటవాలుగా. ఎడమచెంప జోలికి పోవద్దు. బొగ్గు లేకుంటే కుంకుమైనా సరే, నలుపు తెలుపుల్లో అది ముదురు బూడిదరంగే.

పూయకముందే లాప్‌టాప్‌లో ఓపెన్‌సీవీ (బొమ్మలను పరిశీలించే ఉచిత ప్రోగ్రాముల కట్ట) తెరిచి, వయోలా-జోన్స్ లెక్కలుండే ఎదురుముఖాల హార్ కాస్కేడ్ ఫైలుతో మీ ముఖం చుట్టూ చట్రం నిలకడగా పడుతోందో లేదో చూసుకోండి. పూశాక అదే కుర్చీ, అదే వెలుతురు. తల తిప్పితే చట్రం పోయిందని సంబరపడొద్దు, పక్కముఖం దానికి మామూలుగానే దొరకదు. నిటారుగా చూస్తున్నా చట్రం వస్తూ పోతూ ఉంటే పట్టీని ఇంకాస్త వెడల్పు చేయండి.

న్యూరల్ నెట్‌వర్కులతో, అంటే బోలెడు ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాములతో నడిచే ఇప్పటి కెమెరాలు ఈ పూతకు లొంగవు. అలాంటి ప్రోగ్రాముకు మనిషి దొరక్కుండా 2019లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు పొట్ట దగ్గర పట్టుకునే రంగురంగుల అట్టను తయారుచేశారు. వచ్చే పాఠం దాని మీదే. ఏ3 సైజు రంగుల ప్రింటు ఎక్కడ తీస్తారో ఈలోగా కనుక్కుని పెట్టుకోండి.