స్టీరింగ్ విప్పే ముందు: పాడిల్ షిఫ్టర్ల పనిలో జాగ్రత్తలు

బెంగళూరులో ఆటోమేటిక్ కారు కొన్న మనవాళ్లలో చాలామందికి తిరుమల ఘాట్ ఒకసారి దిగి వచ్చాకే పాడిల్ షిఫ్టర్ల మీద, అంటే స్టీరింగ్ వెనకాల ఉండి వేళ్లతో గేరు మార్చే రెక్కల మీద, మనసు పుడుతుంది. దిగుడులో బ్రేకు తొక్కుతూనే వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. చిన్న గేరులో వస్తే బండిని ఇంజనే ఆపుకుంటుంది. స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆ గేరు మార్చుకునే వీలుంటే బాగుండు అనిపించడం సహజం. టాప్ వేరియంట్‌కి కంపెనీయే ఇస్తుంది, మన వేరియంట్‌కి ఇవ్వదు. కారు సామాన్ల షాపులుండే జేసీ రోడ్డుకు వెళ్తే "ఏనూ ఆగల్ల సార్, ఒందు గంటె కెలస" (ఏమీ కాదు సార్, గంట పని) అంటారు. ఆ గంటలో ఏమేం విప్పుతారో తెలుసుకుని వెళ్లండి.

ముందు మీ గేర్‌బాక్స్ సంగతి. గేర్ లివర్‌ని పక్కకు తోసి ప్లస్, మైనస్ అని గేర్లు మార్చుకునే మాన్యువల్ మోడ్ ఉంటేనే బయట బిగించే పాడిల్‌కి అర్థం. ఏఎంటీ, సీవీటీ, డ్యూయల్ క్లచ్, ఏ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయినా ఇదే లెక్క. ఆ మోడ్ లేని బండికి పాడిల్ బిగిస్తే అది అలంకారమే. ఉన్న పాడిల్స్ మీద అతికించే పొడుగు రేకులు కూడా అమ్ముతారు. వాటికి వైరింగ్ గొడవ లేదు గానీ ఇండికేటర్ కాడకీ వైపర్ కాడకీ తగలకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. మలుపులో ఇండికేటర్ వెయ్యబోయి గేరు దించేస్తే కంగారు పడేది మీరే.

నిజానికి పాడిల్ అంటే నొక్కినంతసేపే కలిసే రెండు చిన్న స్విచ్‌లు, అంతే. భయం వాటితో కాదు. వాటిని బిగించాలంటే చాలా బండ్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఊడదీయాలి, ఒక్కోసారి స్టీరింగ్ చక్రం కూడా. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారైన ప్రతి కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, కాబట్టి "మాది బేస్ మోడలే కదా" అనే మాట చెల్లదు. ఎయిర్‌బ్యాగ్ సుమారు 30 మిల్లీసెకన్లలో, అంటే రెప్ప వాల్చేలోపే, విచ్చుకుంటుంది. దాని మీదకి వంగి స్క్రూడ్రైవర్‌తో పొడుస్తున్న కుర్రాడికి తప్పుకోడానికి ఆ వ్యవధి చాలదు.

అందుకే మొదటి పని బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తియ్యడం. ఇగ్నిషన్ ఆఫ్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ పనిచెయ్యాలని దాని కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్ పెడతారు. టెర్మినల్ తీశాక కూడా అందులో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఎంతసేపు ఆగాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. కొన్నిట్లో ఒకటి రెండు నిమిషాలే ఉంటుంది. మాన్యువల్ చేతిలో లేకపోతే పావుగంట ఆగండి, టీ తాగి రండి. మెకానిక్ నవ్వితే నవ్వనివ్వండి.

తీసిన ఎయిర్‌బ్యాగ్‌ని లోగో ఉన్న ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి. బోర్లా పెడితే, ఖర్మ కాలి పేలితే, దాని ఇనుప డబ్బా పైకి ఎగురుతుంది. మోసుకెళ్లేటప్పుడు ఆ ముఖం మన ఒంటివైపు ఉండకూడదు. పసుపు రంగు ప్లగ్గులు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని మల్టీమీటర్‌తో చెక్ చెయ్యకూడదు. రెసిస్టెన్స్ చూడ్డానికి మీటరు పంపే కొద్దిపాటి కరెంటు కూడా అక్కడ ప్రమాదమే. కొత్త వైర్లను వాటికి కట్టడం, వాటి నుంచి ఎర్త్ లాగడం అసలు వద్దు.

ఎయిర్‌బ్యాగ్ వెనకాల ఇంకోటుంది, క్లాక్ స్ప్రింగ్. కొందరు స్పైరల్ కేబుల్ అంటారు. స్టీరింగ్ తిరుగుతున్నా హారన్‌కీ, ఆడియో బటన్లకీ, ఎయిర్‌బ్యాగ్‌కీ వైరు తెగకుండా చుట్ట చుట్టి పెట్టిన పల్చటి రిబ్బన్ అది. రెండు వైపులా కొన్ని చుట్లే తిరుగుతుంది. చక్రం తీసి ఉన్నప్పుడు ఎవరైనా దాన్ని సరదాగా తిప్పితే నడిమి స్థానం తప్పుతుంది. బిగించాక అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎప్పుడో పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు రిబ్బన్ పుటుక్కున తెగుతుంది, హారన్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుంది. కాబట్టి ముందుగా టైర్లు తిన్నగా పెట్టి, స్టీరింగ్ చక్రం తియ్యగానే క్లాక్ స్ప్రింగ్ కదలకుండా టేపు వేయించండి. తీసే ముందే స్టీరింగ్ చక్రానికీ రాడ్‌కీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయించండి. చక్రాన్ని పట్టి ఉంచే నట్టుని పూర్తిగా తీసేయకుండా రెండు చుట్ల మర ఉంచి లాగాలి, లేకపోతే ఒక్కసారిగా ఊడి మూతికి తగులుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఎంత బిగువు కావాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడమనండి. "చేతి అంచనా" అనే మాట మిగతా చోట్ల సరేగానీ స్టీరింగ్ నట్టు దగ్గర పనికిరాదు.

ఇక వైరింగ్. అదే మోడల్ టాప్ వేరియంట్ ఒరిజినల్ పాడిల్స్ దొరికితే అవే తీసుకోండి. మన బండి క్లాక్ స్ప్రింగ్‌లో వాటికి కావాల్సిన పిన్నులు ఉన్నాయో లేదో కొనకముందే పార్ట్ నంబర్‌తో పోల్చి చూడాలి. కొన్ని బండ్లలో పాడిల్స్ ఉన్నాయని బండి కంప్యూటర్‌కి స్కానర్‌తో చెప్పే కోడింగ్ కూడా చెయ్యాలి. బయటి పాడిల్స్ అయితే లివర్‌లోని ప్లస్, మైనస్ స్విచ్‌లకు సమాంతరంగా కలుపుతారు. అక్కడ మల్టీమీటర్ పనికొస్తుంది. లివర్ ఊరికే ఉన్నప్పుడు సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ ఉండి, లివర్ తట్టగానే సున్నాకి పడిపోతే అది మామూలు స్విచ్, కలపొచ్చు. అలా పడకుండా వేరేలా మారుతుంటే అక్కడ సెన్సరో, డేటా లైనో ఉందన్నమాట. వదిలెయ్యండి. సిగ్నల్ వైరుకి 12 వోల్టులు ఇస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ కాలిపోవచ్చు. పాడిల్స్‌కి పెట్టే డబ్బు దాని ముందు ఏ మూలకీ రాదు.

జాయింట్లు సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, గుడ్డ టేపు చుట్టాలి. మామూలు ప్లాస్టిక్ టేపు వైట్‌ఫీల్డ్ ఆఫీసు ఎండ పార్కింగ్‌లో ఒక వేసవికే జిగురు కారి ఊడిపోతుంది. ఒరిసిపోయిన వైరు బాడీకి తగిలితే బండి దాన్ని గేరు దించమన్న ఆర్డరుగా తీసుకోవచ్చు. తడి రోడ్డు మీద అది మంచిది కాదు. అందుకే పాడిల్ వైర్ల మధ్యలో చేత్తో ఊడదీసుకునే ఒక ప్లగ్ పెట్టించండి. పనయ్యాక స్టీరింగ్‌ని టిల్ట్‌లో పైకీ కిందకీ, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. టార్చి వేసి కింద పెడళ్ల వైపు కూడా చూడండి. వేలాడే వైరు ఒక్కటి బ్రేకు పెడల్‌కి చుట్టుకున్నా చాలు.

బ్యాటరీ కలిపి ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే బండి కదపొద్దు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. ఎయిర్‌బ్యాగ్ లేని స్పోర్ట్స్ స్టీరింగ్ తగిలించి, ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు కంప్యూటర్‌ని నమ్మించే రెసిస్టర్ దాని జాగాలో పెట్టి, లేదా దీపాన్నే చంపేసి బండి అప్పగించేవాళ్లు ఉన్నారు. "ఎయిర్‌బ్యాగ్ తీసేస్తే లుక్ బాగుంటుంది సార్" అన్న షాపు గడప మళ్లీ తొక్కకండి. బండి జారకుండా చూసే ఈఎస్‌పీ దీపం వెలిగితే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్‌ని స్కానర్‌తో కాలిబ్రేట్ చేయించాలి.

వారంటీలో ఉన్న బండికి ఈ పని వద్దనే నా సలహా. ఎలక్ట్రికల్ క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వేలు పెట్టి చూపించేది తెగిన వైరునే. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా మార్పు సంగతి రాసి ఇవ్వండి. తీసిన పాత సామాను, బిల్లు ఇంట్లో దాచుకోండి.

ప్రయాణం రేపనగా ఈరోజు చేయించొద్దు, రెండు మూడు వారాల వ్యవధి ఉంచుకోండి. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ ఒక్కో గేరూ ఎక్కించి దించి చూడండి. వానలో ఒకరోజు నడిపి, ఆ తర్వాతే పలమనేరు దాటి మొగిలి ఘాట్ వైపు తీసుకెళ్లండి. దిగుడులో పాడిల్ పలకకపోతే దాన్నే టకటకా నొక్కుతూ కూర్చోకుండా లివర్‌తో మైనస్ కొట్టండి. అదీ పలకకపోతే బ్రేకుతో వేగం తగ్గించి పక్కకు ఆపి, పాడిల్ వైర్ల ప్లగ్ ఊడదీసి, బండి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి.