దుకాణం మూయకుండానే జుహ్ద్ ఎట్లా మొదలుపెట్టాలి

జుహ్ద్ (లోకం మీద మోజు తగ్గించుకోవడం) అనగానే దుకాణానికి తాళం వేసి, ఇల్లూ వాకిలీ వదిలి కాజీపేట దర్గా దగ్గర కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. కాదు. ఇస్లాంలో సన్యాసం లేదు. ఖురాన్‌లో హదీద్ సూరా (అధ్యాయం) 23వ ఆయతు (వాక్యం) చదవండి: చేజారినదానికి కుమిలిపోవద్దు, దక్కినదానికి మిడిసిపడొద్దు. కొలత అదే. అంతకు మూడు ఆయతుల ముందే దునియాను, అంటే ఈ లోకాన్ని, వానకు ఏపుగా పెరిగి రైతు కళ్లు నింపిన పైరుతో పోల్చారు, అదే పైరు పసుపుపచ్చగా ఎండి పొట్టు అయిపోతుంది. మన వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా?

నాకది తలకెక్కింది మాత్రం వరంగల్ ఎనుమాముల మార్కెట్లో. ఒక ఏడాది రేటు ఇంకా పెరుగుతుందని తేజ మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాను, పడిపోయింది. ఆ రాత్రి పుల్లటి ఖట్టీ దాల్‌లో ఉప్పు తక్కువైందని గిన్నె తోసేశాను. దాల్ దస్తర్‌ఖాన్ (అన్నానికి పరిచే గుడ్డ) అంతా పారింది, మా చిన్నది రొట్టె ముక్క చేతిలో పట్టుకుని నా మొహమే చూస్తూ ఉండిపోయింది. మిర్చి నష్టం తర్వాతి సీజన్‌లో పూడింది, ఆ చూపు ఇంకా గుర్తుంది.

అందుకే ముందు మీ మనసు దేనికి చిక్కుకుందో కనిపెట్టండి. వారం రోజులు రాత్రి ఇషా నమాజ్ అయ్యాక, ఇవాళ ఎందుకు కోపమొచ్చింది, దేని గురించి టెన్షన్ పడ్డాను అని రెండు ముక్కలు రాయండి. నా పుస్తకంలో ఏడింట ఐదు రోజులు మిర్చి రేటే ఉంది. తెల్లవారుజాము ఫజర్ నమాజ్ చదవకముందు ఫోన్ ముట్టుకోవద్దు, రేట్లు ఎక్కడికీ పోవు.

జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం) లెక్క నోటితో కాదు, కాగితం మీద వేయండి. అప్పులు పోను 612 గ్రాముల వెండి విలువకు తగ్గని సొమ్ము ఉండి చాంద్రమాన ఏడాది తిరిగితే రెండున్నర శాతం ఇవ్వాలి. అమ్మకానికి ఉన్న సరుకూ లెక్కలోకి వస్తుంది, చాలామంది మరిచిపోయేది దాన్నే. కానీ జకాత్ బాకీ లాంటిది, తీర్చాల్సిందే, మనసు వదులయ్యేది ఆ పైన ఇచ్చేదానితోనే. ఇష్టమైనదాంట్లోంచి ఇవ్వనిదే పుణ్యం అందదని ఆల్ ఇమ్రాన్ 92వ ఆయతు దిగినప్పుడు, ప్రవక్త సహచరుడు అబూ తల్హా మదీనాలో తనకు ప్రాణమైన బైరుహా తోటనే ఇచ్చేశారు, దాన్ని నీ దగ్గరి బంధువులకు పంచు అన్నారు ప్రవక్త (స). కాబట్టి చిరిగిన చొక్కాలు మూట కట్టకండి. పోయిన చలికాలం నేను కొత్త రజాయి ఇచ్చాను, ఇచ్చేముందు రెండుసార్లు మడత విప్పి మళ్లీ చూసుకున్నాను కూడా, చేయి అంత తేలిగ్గా వదలదు.

సమాధులు చూసొచ్చే షబే బరాత్ రాత్రికే కాకుండా నెలకోసారైనా ఖబరస్తాన్‌కు, సమాధుల దగ్గరికి, వెళ్లండి, ఒంటరిగా, ఫోన్ ఇంట్లో పెట్టి.

ఇక ఇంట్లోవాళ్ల కడుపు మాడ్చి జుహ్ద్ చేయొద్దు. పగలు ఉపవాసాలు, రాత్రంతా నమాజులంటూ భార్యను పట్టించుకోని అబూ దర్దాకు తోటి సహచరుడు సల్మాన్ ఫార్సీ చెప్పింది ఇదే: నీ రబ్‌కు (ప్రభువుకు), నీ ఒంటికి, నీ ఇంటివాళ్లకు, అందరికీ నీ మీద హక్కుంది. సల్మాన్ నిజమే చెప్పాడన్నారు ప్రవక్త (స). పిల్లల ఫీజు కట్టండి, ఇంటికి కూరగాయలు తీసుకెళ్లండి. రేటు పడిన రోజు మాత్రం మార్కెట్ నుంచి నేరుగా ఇంటికి పోకండి, దారిలో మసీదులో వుజూ చేసి (కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని), రెండు రకాతుల నమాజ్ చదువుకుని, కాసేపు కూర్చుని అప్పుడు వెళ్లండి.