ఫెలోషిప్ కావాలా? రీసెర్చ్ పేపర్ చివర చూడండి

మెడికల్ రీసెర్చ్‌లో పీహెచ్‌డీకి డబ్బెవరిస్తారని గూగుల్‌లో వెతికితే సగం ఎడ్యుకేషన్ లోన్ల ప్రకటనలే వస్తాయి. పాలకొల్లులో మా చెల్లెలు నెల రోజులు ఇలాగే టెన్షన్ పడింది. చివరికి దానికి పనికొచ్చిన దారి ఇది.

పబ్‌మెడ్ (మెడికల్ రీసెర్చ్ పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైట్) తెరిచి మీ అంశం ఇంగ్లీషులో కొట్టండి. మా చెల్లెలి అంశం బోదకాలు జబ్బు, మా గోదావరి జిల్లాలకు పాత చుట్టమే. ఎడమవైపు ఉచితంగా పూర్తి పేపర్ దొరికేవి, గత 5 ఏళ్లవి అని రెండు ఫిల్టర్లు పెట్టండి. ఓ 20 పేపర్లు తెరవండి. చదవక్కర్లేదు, కంట్రోల్ ఎఫ్ నొక్కి ‘ఫండ్’ అని ఇంగ్లీషులో వెతికితే చాలు. ఆ పనికి డబ్బిచ్చిన సంస్థ పేరు కనిపిస్తుంది: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ), వెల్‌కమ్ ట్రస్ట్ (బ్రిటన్ సంస్థ), ఇలా. నోట్‌బుక్‌లో రాసుకుని, మూడు నాలుగు సార్లు వచ్చిన పేర్ల వెబ్‌సైట్లలో మాత్రమే ఫెలోషిప్ పేజీ చూడండి. ఒక సాయంత్రం పని.

అయితే ఆ డబ్బు చాలావరకు గైడ్ పేరు మీద వచ్చిన ప్రాజెక్టుది, విద్యార్థి నేరుగా అప్లై చేసేది కాదు. అలా ఉంటే పేపర్ మీదున్న ఈమెయిల్‌కి, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టు ఖాళీ ఉందా అని నాలుగు లైన్లు రాయండి. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. రెండేళ్ల ఎమ్మెస్సీ ఫీజు కోసమైతే మాత్రం ఈ పద్ధతి పెద్దగా పనిచేయదు.