టెన్షన్‌కి మందుగా సమాధిని వాడబోతే...

ఆందోళన పోవాలనే పట్టుదలతో ధ్యానానికి కూర్చుంటే ఐదు నిమిషాలకే "ఇంకా పోలేదేంటి" అని కొత్త టెన్షన్ మొదలవుతుంది. చాలాకాలం నేను చేసిన పొరపాటు ఇదే.

పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 31వ సూత్రంలో, చెదిరిన మనసు వెంట వచ్చేవి నాలుగు చెప్పాడు: దుఃఖం, దిగులు, ఒళ్లు వణకడం, ఊపిరి గతి తప్పడం. చదువుతుంటే మన గురించే రాసినట్టుంటుంది. మందూ ఆ పక్కనే ఉంది. ఏదో ఒక్కదాన్నే పట్టుకుని సాధన చేయమంటుంది 32, ఊపిరి వదలడం మీద పని చేయమంటుంది 34.

కాబట్టి ఊపిరితోనే మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చున్నా పర్లేదు, ఆసనానికి ఆయన పెట్టిన షరతులు కదలకుండా ఉండటం, హాయిగా ఉండటం, అంతే. పీల్చేటప్పుడు నాలుగు అంకెలు, వదిలేటప్పుడు ఆరు. బిగపట్టొద్దు. ఐదు నిమిషాలయ్యాక లెక్క మానేసి, ముక్కు కొసన గాలి తగిలే చోట మనసు పెట్టండి. అది పారిపోతుంది, ఖాయం. పారిపోయిందని తెలిసిన ప్రతిసారీ తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడమే ధారణ, నిజానికి మన సాధనలో ఎక్కువ భాగం ఇదే. తెచ్చుకోవాల్సిన అవసరం తగ్గి, నూనె ధారలా తెగకుండా సాగితే ధ్యానం.

ఇక సమాధి (ఈ మాట వినగానే శ్మశానం గుర్తొస్తే తప్పు మీది కాదు). అక్కడ గమనిస్తున్న 'నేను' కూడా మరుగున పడి, గమనించే వస్తువొక్కటే మిగులుతుంది. ఆందోళనంతా "రేపు నాకేమవుతుందో" అనే ఒక్క వాక్యం కదా, అందులోంచి 'నాకు' తీసేస్తే ఆ వాక్యం నిలబడదు. లేచాక అప్పులూ, పరీక్షలూ ఎక్కడివక్కడే ఉంటాయి, కానీ వాటిని మోస్తున్నవాడు కాసేపు లేకుండా పోయాడని మీకు తెలుసు. అది వచ్చిందా అని చూసుకోకండి, నిద్ర పట్టిందా అని కళ్లు తెరిచి చూసుకున్నట్టే ఉంటుంది. తూలిపడే మత్తుని సమాధి అనుకోవద్దు కూడా.

రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే నయం. కళ్లు మూస్తే గుండెదడ పెరిగేవాళ్లు కళ్లు తెరిచి, ఎదురుగా నేల మీద ఒక చోట చూపు నిలపండి. పానిక్ అటాక్‌లు వస్తుంటే డాక్టర్‌ని కలవండి, వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపొద్దు.