జ్ఞానదంతం తీయించుకున్నారా? ముందు ఆ రక్తపు గడ్డను కాపాడుకోండి

పోయిన వారం మా గదిలో కొత్తగా దిగిన తమ్ముడు జ్ఞానదంతం తీయించుకుని వచ్చాడు. వస్తూనే సింకు దగ్గర నిలబడి, నోరంతా రక్తంగా ఉందంటూ పుక్కిలించి పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు. "ఒరేయ్, ఆపరా!" అని అరిచాను. బెదిరిపోయాడు పాపం. అరవక ఏం చేయను?

నేను ఈ దేశం వచ్చిన మూడో నెలలో నాకూ పన్ను తీశారు. చెప్పేవాళ్లు లేరు. చేతికిచ్చిన కాగితం చదవకుండా జేబులో పెట్టుకున్నాను. రెండో రోజు కాస్త తెరిపిగా ఉంటే స్ట్రా వేసుకుని జ్యూస్ తాగాను. మర్నాడు రాత్రి దవడలో మొదలైన సలుపు చెవిలోకి, కణత దాకా పాకింది. నోట్లో ఏదో పాడు రుచి. ఫోన్‌లో పన్ను తీసిన డాక్టరు వాళ్లకు ఎలా చెప్పాలో తెలియక రెండు రాత్రులు గోడకు చేరగిలబడి కూర్చున్నాను. చివరికి వెళ్తే డాక్టరు గుంత కడిగి, మందు అద్దిన గుడ్డ పెట్టారు. కొద్ది గంటల్లోనే నెమ్మదించింది.

పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. లోపలి ఎముకకూ నరాలకూ అదే మూత. అది ఊడితే ఎముక బయటపడుతుంది. డ్రై సాకెట్ అంటే అదే. అందుకే స్ట్రా వద్దు, ఉమ్మడం వద్దు, సిగరెట్ అసలే వద్దు. నాలుకతో తడిమి చూడొద్దు. పన్ను తీశాక గుంత మీద పెట్టే గాజ్ (పలచని మెత్తటి కట్టుగుడ్డ) మడతను అరగంట, ముప్పావు గంట గట్టిగా కొరికిపట్టి ఉంచండి. ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తే రక్తం ఎలా ఆగుతుంది? మొదటి 24 గంటలు పుక్కిలించనే వద్దు. ఆ తర్వాత గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి నోట్లో పోసుకోండి, తల అటూ ఇటూ వంచండి, నోరు తెరిచి నీళ్లను వాటంతట అవే జారిపోనివ్వండి. ఉమ్మొద్దని మళ్లీ చెబుతున్నాను.

మత్తు పూర్తిగా దిగకముందే మొదటి మాత్ర పడాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే దాన్ని లొంగదీయడం కష్టం. ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి వాడితే ఈ నొప్పికి బాగా పనిచేస్తాయి. కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా ఐబుప్రొఫెన్ ముట్టుకునే ముందు డాక్టర్‌ను అడగండి. కొత్తవాళ్లు తరచూ బోల్తాపడేది ఇంకోచోట. అమెరికా, కెనడాల్లో పారాసెటమాల్‌నే అసిటమినోఫెన్ అంటారు. జలుబు మందుల్లోనూ అది ఉంటుంది. వేరే మందనుకుని రెండూ మింగకండి. పెద్దవాళ్లకైనా రోజు మొత్తంలో 4 గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం.

మొదటి రోజు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి చెంపకు 20 నిమిషాలు పెట్టి, 20 నిమిషాలు తీయండి. పడుకునేటప్పుడు తల ఎత్తులో ఉండాలి.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. చాలామందికి ఆ గడ్డ ఊడదు. వాపు రెండు మూడు రోజులు పెరిగి ఆ తర్వాత దిగుతుంది. అన్నాళ్లూ నోరు సరిగా తెరుచుకోకపోయినా కంగారుపడకండి. తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజుకు మళ్లీ ఎగదన్నితే మాత్రం ఫోన్ చేయండి, భాష తడబడినా సరే. జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా అంతే. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మా తమ్ముడికి ఏమీ కాలేదు. నాలుగో రోజు పొద్దున్నే అద్దం ముందు నోరు తెరిచి, "అన్నా, గడ్డ ఉందా చూడు" అన్నాడు. ఉంది.