లినక్స్ సర్వర్లలో క్రోనీతో సమయాన్ని సరిగా నిలపడం

కంప్యూటర్ లోపల కాలాన్ని లెక్కించేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అందులో పది లక్షలకు 10 వంతుల తేడా ఉన్నా గడియారం రోజుకు దాదాపు 0.86 సెకను, నెలకు సుమారు 26 సెకన్లు తప్పుతుంది. వేర్వేరు సర్వర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఏ సంఘటన ముందు జరిగిందో తేల్చాల్సి వచ్చినప్పుడు ఈ తేడా దర్యాప్తునే తప్పుదారి పట్టిస్తుంది. తేడా 5 నిమిషాలు దాటితే సాధారణ అమరికల్లో ఉన్న కెర్బరోస్ (నెట్‌వర్క్‌లో వాడకందారుల గుర్తింపును నిర్ధారించే వ్యవస్థ) లాగిన్‌ను కూడా తిరస్కరిస్తుంది. అందుకే సర్వర్‌ను వాడకంలోకి తెచ్చే ముందే సమయం సంగతి చూడాలి.

ఈ పనికి నేను సూచించేది క్రోనీ, అంటే నెట్‌వర్క్‌లోని సమయ సర్వర్లను అడిగి యంత్రం గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఇదే డిఫాల్ట్. ఉబుంటు, డెబియన్‌లలో 'సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ క్రోనీ' అనే ఆదేశంతో దీన్ని స్థాపించుకోవచ్చు. ఒకే యంత్రంలో రెండు సమయ సేవలు నడిస్తే రెండూ గడియారాన్ని చెరోవైపు లాగుతాయి కనుక, పాత ఎన్‌టీపీడీ గానీ సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ గానీ నడుస్తుంటే ముందు దాన్ని ఆపాలి.

తరువాత క్రోనీ.కాన్ఫ్ ఫైలును తెరవాలి. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇది ఈటీసీ డైరెక్టరీలోనే ఉంటుంది, ఉబుంటులో మాత్రం దాని కింద ఉన్న క్రోనీ అనే డైరెక్టరీలో ఉంటుంది. అందులో అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసినవి సమయ మూలాలు, అంటే క్రోనీ సమయాన్ని అడిగే సర్వర్లు. రెండే మూలాలు ఇస్తే, అవి విభేదించినప్పుడు ఏది తప్పో తేల్చే దారి ఉండదు. మూడు ఉంటే తప్పుదాన్ని గుర్తించవచ్చు, నాలుగు ఉంటే ఒకటి ఆగిపోయినా ఆ భద్రత మిగులుతుంది. 'పూల్ ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఆర్గ్ ఐబర్స్ట్' అనే ఒక్క వరుస సాధారణంగా నాలుగు మూలాల వరకు తెచ్చిపెడుతుంది. చివరనున్న ఐబర్స్ట్ వల్ల మొదట్లోనే వెంటవెంటనే అభ్యర్థనలు వెళ్లి, సమయం త్వరగా కుదురుకుంటుంది. భారతదేశంలో సంస్థల కోసం ఈ పని చేసేవారు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలను తప్పక చదవాలి. జాతీయ సమాచార కేంద్రం లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లకు గానీ, వాటికి అనుసంధానమైన సర్వర్లకు గానీ గడియారాలను కలపాలని ఆ ఆదేశాలు చెబుతున్నాయి. ఇంకొక హెచ్చరిక: గూగుల్ సమయ సర్వర్లు లీప్ సెకనును (భూభ్రమణంతో సరిపోయేందుకు అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనును) ఒక్కసారిగా కలపకుండా రోజంతా పరుస్తాయి కాబట్టి, వాటిని ఇతర మూలాలతో కలిపి వాడకూడదు.

అదే ఫైలులో 'మేక్‌స్టెప్ 1.0 3' అనే వరుస ఉందో లేదో చూడాలి. సేవ మొదలైన తరువాత మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటితే సమయాన్ని ఒక్కసారిగా మార్చమనీ, ఆపైన గడియారం వేగాన్ని కొద్దికొద్దిగా పెంచి, తగ్గించి మాత్రమే సరిచేయమనీ దీని అర్థం. నడుస్తున్న డేటాబేస్ కింద సమయం ఉన్నట్టుండి వెనక్కి వెళితే రికార్డుల వరుస తారుమారు కావచ్చు, కనుక ఆ 3ను పరిమితి లేని విధంగా మార్చవద్దని నా గట్టి సలహా.

మార్పులు చేశాక సేవను పునఃప్రారంభించాలి. సేవ పేరు రెడ్ హ్యాట్‌లో క్రోనీడీ, ఉబుంటులో క్రోనీ. సమయ అభ్యర్థనలు బయటికి వెళ్లే యూడీపీ 123 పోర్టును, దాని జవాబులను ఫైర్‌వాల్ అడ్డుకోకూడదు. లోపలికి వచ్చే 123ను తెరవవలసింది ఈ యంత్రమే ఇతరులకు సమయం అందించేటప్పుడు మాత్రమే. అప్పుడు కూడా 'అలౌ' వరుసలో మీ అంతర్గత నెట్‌వర్క్ చిరునామాలనే ఇవ్వాలి.

సేవ నడుస్తున్నట్టు కనిపించడం, సమయం కుదరడం ఒకటి కావు. 'క్రోనీసీ సోర్సెస్' అని అడిగితే ప్రతి మూలానికీ ఒక వరుస వస్తుంది. నక్షత్రం గుర్తు ఉన్నది ప్రస్తుతం అనుసరిస్తున్న మూలం, కూడిక గుర్తు ఉన్నవి దానితో కలిపి లెక్కిస్తున్నవి, ఇంటూ గుర్తు ఉన్నది తప్పు సమయం చెబుతోందని క్రోనీ పక్కన పెట్టినది. రీచ్ అనే గడిలో 377 ఉంటే గత ఎనిమిది అభ్యర్థనలకూ జవాబు వచ్చినట్టు. సున్నా దగ్గరే ఆగిపోతే ముందుగా ఫైర్‌వాల్‌ను, తరువాత పేరు పరిష్కరించే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. 'క్రోనీసీ ట్రాకింగ్' చూపే సిస్టమ్ టైమ్ వరుసలో తేడా సెకనులో వెయ్యోవంతు లోపు ఉంటే చాలా సర్వర్లకు అది సరిపోతుంది. యంత్రాన్ని ఒకసారి రీబూట్ చేసి, ఈ రెండు ఆదేశాలనూ మళ్లీ నడిపి, నక్షత్రం గుర్తు తిరిగి కనిపించాకే దాన్ని వాడకందారులకు అప్పగించాలి.